రాక్ అండ్ రోల్ తొలినాళ్ల తమాషా పాటల్లో ఏవి వినాలి?

ఎల్విస్, చక్ బెర్రీ అందరికీ తెలుసు, అదే కాలంలో వచ్చి అంతగా వినపడని సరదా పాటలు చెప్పమని అడిగారు. ఈ పాటలంటే నాకు ప్రాణం. కాస్త వివరంగానే రాస్తాను.

అమెరికా వచ్చిన కొత్తలో ఒహాయోలో ఒక గరాజ్ సేల్‌లో నిమిషానికి 45 సార్లు తిరిగే పాత చిన్న రికార్డుల పెట్టె కొన్నాను. అందులో 1958లో డేవిడ్ సెవిల్ పేరుతో వచ్చిన 'విచ్ డాక్టర్' ఉంది. ప్రేమలో పడ్డవాడు వెళ్లి మంత్రగాణ్ణి సలహా అడుగుతాడు, ఆ మంత్రగాడు కీచుగొంతుతో అర్థం లేని అక్షరాలేవో పాడతాడు. మా అమ్మాయి చిన్నప్పుడు దాన్నే మళ్లీ మళ్లీ పెట్టమనేది. చాలా ఏళ్లకు తనే ఆ పాటను కంప్యూటర్‌లో సగం వేగానికి తగ్గించి వినిపించింది. వాయిద్యాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి, కీచుగొంతు మాయమై ఒక మగ గొంతు ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ పాడుతోంది. ఒళ్లు జలదరించింది నాకు.

ఈ డేవిడ్ సెవిల్ అసలు పేరు రాస్ బగ్దసారియన్. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పుట్టిన ఆర్మేనియన్. (హిచ్‌కాక్ సినిమా 'రియర్ విండో'లో పియానో ముందు కూర్చునే పాటల రచయిత ఈయనే.) టేపు సగం వేగంతో తిరుగుతుండగా నెమ్మదిగా పాడి, మామూలు వేగంతో వినిపిస్తే గొంతు సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పోతుంది. వినడానికి చిన్న చిట్కాలాగే ఉంటుంది. కానీ అంత నెమ్మదిగా శ్రుతి తప్పకుండా, అక్షరం చెదరకుండా పాడటం ఎంత కష్టమో విలంబ కాలంలో సాధన చేసినవాళ్లకు తెలుస్తుంది. అదే ఏడాది చివర్లో ఇదే పద్ధతిలో, మూడు ఉడుతపిల్లలు పాడుతున్నట్టుగా 'ది చిప్‌మంక్ సాంగ్' చేశారు. ఆ ఉడుతపిల్లలకు ఆల్విన్, సైమన్, థియోడోర్ అని తన రికార్డు కంపెనీ వాళ్ల పేర్లే పెట్టారు. 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో దానికి మూడు వచ్చాయి, అందులో ఒకటి సౌండ్ ఇంజినీరింగ్‌కి. పిల్లల పాట కదా అని తీసిపారేసేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1956లో బుకానన్, గుడ్‌మన్ చేసిన 'ది ఫ్లయింగ్ సాసర్' ఉంది. ఎగిరే పళ్లెం దిగిందని రేడియో వార్తలాగా సాగుతుంది. విలేకరి ప్రశ్న అడిగితే, జవాబుగా అప్పటి హిట్ పాటలోంచి ఒక ముక్క వస్తుంది. ఇప్పుడు మనవాళ్లు బ్రహ్మానందం డైలాగులు అతికించి మీమ్ వీడియోలు చేస్తున్నారు చూడండి, అదే పని టేపు కత్తిరించి చేశారు. పాటల హక్కులున్నవాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు.

అదే ఏడాది వచ్చిన 'ట్రాన్స్‌ఫ్యూజన్' మాత్రం అందరికీ నచ్చదు. పాడింది నెర్వస్ నోర్వస్, అసలు పేరు జిమ్మీ డ్రేక్, లారీ డ్రైవరు. అతివేగంతో కారు నడిపేవాడు గుద్దేయడం, రక్తం ఎక్కించుకోవడం, ఇక స్పీడుగా వెళ్లనని ఒట్టేయడం, మళ్లీ గుద్దేయడం. ఢామ్మనే చప్పుడు ప్రతిసారీ నిజంగా వినిపిస్తుంది. కొన్ని రేడియో స్టేషన్లు వేయనే లేదు. నాకు మొదటిసారి భయమేసింది, రెండోసారి నవ్వొచ్చింది.

మీరు మాత్రం ప్లేమేట్స్ పాడిన 'బీప్ బీప్'తో మొదలుపెట్టండి. 1958 పాటే. పెద్ద కారు వెనక చిన్న కారు తరుముకొస్తుంటే, కార్ల వేగంతో పాటే తాళం కూడా పెరుగుతూ పోతుంది. చిన్న కారువాడు చివర్లో అనే మాట నేను చెప్పను, అది వినాల్సిందే.