జనరేటర్ బాడీకి ఎర్తు ఇచ్చాం, సరిపోదా?

ప్రశ్న: మాది ఆదోనిలో చిన్న ఫంక్షన్ హాలు. ఈమధ్యే 40 కేవీఏ జనరేటర్ పెట్టించాం, చేంజోవర్ (లైన్ కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్చి) నాలుగు పోళ్లది, అంటే మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌ని కూడా మార్చేది. లైన్ కరెంటు మీద అంతా బాగుంది. జనరేటర్ మీదికి మారిస్తే మాత్రం న్యూట్రల్‌లో టెస్టర్ పెట్టినా వెలుగుతోంది. ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే పడిపోయి సప్లై ఆపేసే స్విచ్చి) మీద టెస్ట్ బటన్ నొక్కి, "పడింది కదన్నా, భయం లేదు" అంటున్నాడు. జనరేటర్ బాడీకి ఎర్తు ఉంది. ఇంకేమైనా చెయ్యాలా?

జవాబు: చెయ్యాలి, అదీ వచ్చే పెళ్లి బుకింగుకి ముందే. మీరు ఎర్తు ఇచ్చింది బాడీకి, న్యూట్రల్‌కి ఇవ్వలేదు. లైన్ కరెంటు మీద ఉన్నప్పుడు మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే న్యూట్రల్‌ని భూమిలోకి దించి ఉంటారు కాబట్టి ఏ ఇబ్బందీ కనపడదు. నాలుగు పోళ్ల చేంజోవర్ తిప్పగానే ఆ న్యూట్రల్ కూడా తెగిపోతుంది, ఇక మీ జనరేటర్ న్యూట్రల్‌కి భూమితో ఏ సంబంధమూ ఉండదు. అప్పుడు ఎక్కడో ఒక ఫేజు ఏ పైపుకో తగిలిందనుకోండి, ఆ ఫేజు భూమితో సమానమైపోయి న్యూట్రల్ 230 వోల్టులకి ఎక్కుతుంది, మిగతా రెండు ఫేజులు 400 దాకా పోతాయి. మీ టెస్టర్ వెలగడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. అదే అయితే లీకు ఇప్పటికే ఎక్కడో ఉన్నట్టే, ముందు దాన్ని వెతికించండి.

ఆర్‌సీసీబీ సంగతి. ఆ టెస్ట్ బటన్ డబ్బా లోపలే ఫేజు నుంచి న్యూట్రల్‌కి చిన్న లీకు చేసి చూస్తుంది, భూమి జోలికే పోదు. కాబట్టి ఎర్తు లేకపోయినా బటన్ నొక్కితే పడుతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు పడాలంటే మాత్రం భూమిలోకి పోయిన కరెంటు తిరిగి జనరేటర్ న్యూట్రల్‌కి చేరే దారి ఉండాలి. మీ దగ్గర ఆ దారే లేదు.

ఆల్టర్నేటర్ (జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగం) టెర్మినల్ బాక్సు మూత విప్పితే మూడు ఫేజుల పక్కన నాలుగో బోల్టు కనిపిస్తుంది, అదే న్యూట్రల్. అక్కడి నుంచి రెండు పట్టీలు రెండు వేరే ఎర్తు గుంతలకి, బాడీ నుంచి రెండు పట్టీలు ఇంకో రెండు గుంతలకి దించండి. నాలుగు గుంతలూ కింద పట్టీతో కలిసే ఉండాలి. ఇది తప్పనిసరి. ఎందుకంటే ఒట్టి మట్టినే నమ్ముకుంటే, బాడీ గుంత రెసిస్టెన్సు (కరెంటుకి మట్టి ఇచ్చే అడ్డు) 8 ఓమ్‌లు, న్యూట్రల్ గుంతది 2 ఓమ్‌లు ఉందనుకోండి, 230 వోల్టులకి పారేది 23 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి) కదలదు. బాడీ మీద 184 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి, వంటమనిషి తడి చేత్తో గ్రైండర్ పట్టుకునేదాకా.

మూడు పోళ్ల చేంజోవర్ ఉన్నవాళ్లు దీన్ని చూసి చెయ్యకండి. అక్కడ న్యూట్రల్ తెగదు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తే జనరేటర్‌కీ పని చేస్తుంది. మళ్లీ జనరేటర్ దగ్గర కూడా న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపితే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్తు పట్టీల్లో పారుతుంది, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఉంటే లైన్ కరెంటు ఉండగానే ఊరికే పడిపోతుంటుంది. విసిగిపోయి దాన్నే పీకేసిన వాళ్లని చూశాను. చాలా బాధేస్తుంది.

ఇంకొకటి, నాలుగో పోలు ఫేజులకంటే ముందు కలవాలి, వాటి తర్వాత విడిపోవాలి. ఫేజులు ఉండి న్యూట్రల్ లేకపోతే వోల్టేజీ ఎక్కి సామాన్లు కాలతాయి. గుంతకల్లులో ఒక చోట నేను చేంజోవర్ విప్పి చూస్తే న్యూట్రల్ లగ్గు (వైరు కొసకి బిగించే లోహపు ముక్క) నల్లగా మాడిపోయి, వైరు తొడుగు బెల్లంపాకంలా కారి గట్టిపడి ఉంది. అల్యూమినియం కేబుల్‌ని సరిగ్గా బిగించలేదు, అంతే. ఆ వదులు బోల్టుకి రెండు టీవీలు, ఒక ఫ్రిజ్ పోయాయి.

ప్రశ్న: అనంతపురంలో మా వీధిలో న్యూట్రల్ తెగి అందరి సామాన్లూ కాలాయి. మీటరు దగ్గరే న్యూట్రల్‌ని ఇంటి ఎర్తుకి కలిపేస్తే ఈ టెన్షన్ ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దు. ఈసారి న్యూట్రల్ తెగితే వీధి మొత్తం కరెంటు మీ ఒక్క గుంతలోంచి పోవాలని చూస్తుంది, మీ ఫ్రిజ్, గీజరు బాడీలన్నిటికీ కరెంటు వస్తుంది. ఒక గదిలో లైటు మరీ తెల్లగా, ఇంకో గదిలో మసకగా వెలిగితే మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఓవర్ వోల్టేజీకి ఆపేసే రిలే పెట్టించుకోండి.

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర, రెండడుగులు తవ్వితే బండ. ఎర్తు ఎట్లా? బోరు కేసింగుకి కలపొచ్చా?

జవాబు: మామూలుగా 2.5 మీటర్ల పైపు దించాలి. బండలో చేత్తో తవ్వడం కుదరదు కాబట్టి బోరు మిషన్‌తో బెజ్జం వేయించి, పైపు చుట్టూ బెంటోనైట్ మట్టి (తేమని పట్టి ఉంచే బంకమన్ను) నింపించండి. ఉప్పు, బొగ్గు వేస్తే మొదట్లో బాగానే ఉంటుంది గానీ ఉప్పు పైపుని తినేస్తుంది. ఒక్క గుంత చాలకపోతే పైపు పొడవంత దూరమైనా వదిలి ఇంకొకటి వేసి రెండూ కలపండి. ఎర్తు రెసిస్టెన్సు కొలిపించేది వానాకాలంలో కాదు, మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు. కేసింగు సంగతికొస్తే, ఇప్పుడు వేసేవి ఎక్కువగా పీవీసీవే, వాటికి కలిపినా కలపనట్టే.