జర్మన్ సరిగా రాకపోయినా సొలొతుర్న్ సినిమా పండుగకి వెళ్ళొచ్చా?

జ్యూరిక్ వచ్చి ఏడాదైందని, జర్మన్ అంతంత మాత్రమేనని, జనవరిలో సొలొతుర్న్‌లో జరిగే స్విస్ సినిమాల పండుగకి వెళ్తే ఏమైనా అర్థమవుతుందా అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. నేను నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు కూరగాయలు కొనుక్కునేంత జర్మన్ మాత్రమే వచ్చు.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. ప్రోగ్రామ్‌లో ప్రతి సినిమా దగ్గర అది ఏ భాషలో ఉందో, సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నాయో రాసి ఉంటుంది. మొదటి ఏడాది అది చూసుకోకుండా, ఫొటో బాగుందని టిక్కెట్ కొన్నాను. సినిమా ఇటాలియన్, కింద ఫ్రెంచ్. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నవీ దొరుకుతాయి, ముందు వాటిని వెతికి పెట్టుకోండి.

జర్మన్ రాదని మొహమాటపడకండి. దేశానికే నాలుగు భాషలు. ఫ్రెంచ్ మాట్లాడే జెనీవా సినిమాని జ్యూరిక్ వాళ్ళు కూడా కింద అక్షరాలు చదువుకుంటూనే చూస్తారు. కొండ ప్రాంతం వాలిస్‌లో మాట్లాడే జర్మన్ యాస అయితే జ్యూరిక్‌లో పుట్టి పెరిగిన మా ఆఫీసు వాళ్ళకే సబ్‌టైటిల్స్ కావాలి.

ఈ పండుగ 1966లో మొదలైంది. సుమారు 17,000 జనాభా ఉన్న ఊరు, ఆరే నది ఒడ్డున. ఒకప్పుడు పడవల్లో వచ్చిన వైన్ పీపాలు దించిన లాండ్‌హౌస్‌లో, పాత గుర్రపు స్వారీ హాల్లో సినిమాలు వేస్తారు. ఇక్కడి డాక్యుమెంటరీలు అస్సలు వదలకండి, నా దృష్టిలో స్విస్ సినిమా బలం అక్కడే ఉంది. 1963లో అమల్లోకి వచ్చిన సినిమా చట్టం కింద ప్రభుత్వ సాయం మొదట్లో డాక్యుమెంటరీలకే అందేది. కథా చిత్రాల వంతు తర్వాత వచ్చింది.

మన తెలుగు పాటల్లో ఈ కొండల్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. హీరో హీరోయిన్ల వెనక కనిపించే ఆ చెక్క ఇంట్లో ఎవరుంటారో నేనెప్పుడూ ఆలోచించలేదు. రెండో ఏడాది కొండ మీద ఆవులు మేపుకునే ఒక కుటుంబం గురించి డాక్యుమెంటరీ చూశాను. పాల ధర గిట్టక చివరికి ఆవులన్నీ అమ్మేస్తారు. సినిమా అయ్యాక డైరెక్టర్‌తో పాటు ఆ రైతు కూడా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు రోజు ఎలా గడుస్తోందని ఎవరో అడిగారు. ఆయన చెప్పింది పక్కన కూర్చున్న పెద్దావిడ నాకు మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది: ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుందట, చేయడానికి పనేమీ ఉండదట.

మా ఇంట్లో చివరి గేదెని అమ్మేశాక మా అమ్మ కూడా అంతే. కొన్నాళ్ళపాటు తెల్లవారుజామునే లేచి, ఖాళీ పాకలోకి వెళ్ళి వచ్చేది. పాలకేంద్రంలో వెన్న శాతం తక్కువ చూపించారని నాన్న గొడవపడిన రోజులన్నీ ఆ హాల్లో గుర్తొచ్చాయి. బయటికొచ్చి నది ఒడ్డు నుంచే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది, అయినా అమ్మే ఎత్తింది.

అందుకే సినిమా అవగానే లేచి రాకండి, డైరెక్టర్లు మాట్లాడేదాకా కూర్చోండి. పక్కవాళ్ళని అడిగితే ఇంగ్లీషులో చెప్తారు. అక్కడ ఇచ్చే పెద్ద బహుమతి ప్రి ద సొలొర్, 60,000 ఫ్రాంకులు. మానవత్వం, సమాజం పట్ల పట్టింపు ఉన్న సినిమాలకి ఇస్తారు. ఏవి చూడాలో తేలకపోతే ఆ పోటీలో ఉన్నవాటితో మొదలుపెట్టండి.

జ్యూరిక్ నుంచి రైల్లో గంట ప్రయాణం. పండుగ బుధవారం మొదలై పై బుధవారం దాకా ఉంటుంది. శని, ఆదివారాలు బాగా రద్దీ, వీలైతే సోమవారం సెలవు పెట్టుకుని వెళ్ళండి. నది గాలి చాలా చల్లగా ఉంటుంది, మందపాటి కోటు మర్చిపోకండి.