47 ఏళ్లకు ఫౌండేషన్ గీతల్లో పేరుకుపోతుంటే

పదేళ్లుగా వాడుతున్న మ్యాట్ (మెరుపు లేని) ఫౌండేషన్ ఇప్పుడు మధ్యాహ్నానికల్లా కళ్ల కింద గీతల్లో చేరుతోందని, జుట్టు నెరిశాక నల్ల కాటుక ఘాటుగా కనిపిస్తోందని ఉత్తరంలో రాశారు మీరు. తప్పు మీ ముఖానిది కాదు, పదేళ్లుగా మార్చకుండా వాడుతున్న ఆ ఫౌండేషన్‌ది. మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) దగ్గరపడే కొద్దీ ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి చర్మం పొడిబారుతుంది, మ్యాట్ రకమేమో ఉన్న కాస్త నూనెనూ పీల్చేసి, మీరు రాసినట్టే మధ్యాహ్నానికల్లా కళ్ల కింద గీతల్లో చేరుతుంది.

1. మాయిశ్చరైజర్ రాశాక 5 నిమిషాలు ఆగండి. చాలామంది వదిలేసేది ఇదే. తడి ఆరకముందే పైన వేస్తే ఫౌండేషన్ జారి ఉండలు కడుతుంది. చేతి వెనక భాగంతో బుగ్గ తాకి చూసి, జిగురుగా అంటుకోకపోతేనే మొదలుపెట్టండి.
2. మ్యాట్ బదులు పల్చగా, తేమగా ఉండే రకం, అదీ మచ్చలున్న చోటే.
3. కళ్ల కింద పౌడర్ మానేయండి.

జుట్టు నెరిశాక నల్ల కాటుక మరీ ఘాటుగా ఉందన్నారు కదా, ముదురు గోధుమరంగు పెట్టి చూడండి, నాకైతే చాలా నప్పింది. ఎర్ర లిప్‌స్టిక్ ఇష్టమైతే మాత్రం వయసు చూసి అస్సలు మానొద్దండి.