ఫార్మాట్ కొట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి

చిట్టీ,

పొద్దున అక్క ఫోన్ చేసింది. ఆదివారం రాత్రి నువ్వొక్కదానివే ఆఫీసులో కూర్చుని సర్వర్ బాగుచేస్తావట, "అన్నీ నీ బుద్ధులే" అంది. మురిసిపోయాను, అబద్ధమెందుకు. తర్వాత, డిస్కుల్లో ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్‌లో డేటా పార్టిషన్, అంటే డిస్కులో డేటా ఉండే భాగం, కనబడట్లేదు కాబట్టి ఫార్మాట్ చేసి మళ్లీ పెడతానన్నావని చెప్పింది. అక్కకి ఆ మాట అర్థం కాలేదు, నాకయింది.

ఏమే, కనబడకపోతే లేనట్టేనా? డీఎఫ్ చూపించేది మౌంట్ అయినవాటినే, అంటే ఏదో ఒక ఫోల్డర్‌కి తగిలించినవాటినే. ముందు ఎల్ఎస్ బ్లాక్ (lsblk) కొట్టు, ఉన్న డిస్కులన్నీ చూపిస్తుంది. పార్టిషన్ అక్కడుంటే డిస్క్ బతికే ఉంది, లేకపోతే కేబుల్ చూడు, డీమెసేజ్ (dmesg), అంటే కెర్నల్ సందేశాలు, చదువు. తర్వాత ఫైండ్‌మౌంట్ (findmnt), ఏది ఎక్కడ మౌంట్ అయిందో చెబుతుంది. అందులో ఉండి డీఎఫ్‌లో లేదంటే అదే డివైస్ రెండు చోట్ల మౌంట్ అయి ఉండొచ్చు, డీఎఫ్ ఒకదాన్నే చూపిస్తుంది, హైఫన్ ఏ పెడితే రెండోదీ బయటికొస్తుంది. కంటైనర్ (సర్వర్‌లోనే విడిగా గిరిగీసిన చోటు) లోపల కూర్చుని చూస్తున్నావేమో, అక్కణ్ణుంచి బయటి మౌంట్లన్నీ కనబడవు, అదీ చూసుకో. ఎక్కడా మౌంట్ కాకపోతే ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) లైన్ చదివి మౌంట్ హైఫన్ ఏ కొట్టు, ఎర్రర్ అదే చెబుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది ఒకటుంది. మీ అమ్మక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2011లో బెజవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్ సర్వర్ నేనే చూసేవాణ్ణి. పేజీలు రూట్ డిస్క్ (సిస్టమ్ ఉండే డిస్క్) మీద, రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ వాటిని స్లాష్ బ్యాకప్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసేది, దానికి తగిలించింది వేరే డిస్క్. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ (పార్టిషన్‌కి మారని గుర్తింపు సంఖ్య) రాయడానికి బద్ధకించి, మెషిన్ లేచినప్పుడల్లా మారిపోగల ఎస్‌డీబీ1 అన్న పేరు రాసిపడేశాను. ఓ రోజు కరెంటు పోయి మెషిన్ మళ్లీ లేచేసరికి, కొత్తగా తగిలించిన ఖాళీ డిస్క్ ఎస్‌డీబీ అయి కూర్చుంది, మాది ఎస్‌డీసీ అయింది. మౌంట్ కాలేదు. స్క్రిప్ట్‌కేం తెలుసు? బ్యాకప్ పేరుతో ఫోల్డర్ ఉంది కదా, అందులోనే పోసుకుంటూ పోయింది, అంటే రూట్ మీదే. మూడు వారాలు! రూట్ నిండి ప్రెస్ ఆగిపోయిన రాత్రి నేను వెళ్లి, డీఎఫ్‌లో బ్యాకప్ లేకపోవడం చూసి, ఎస్‌డీసీని తెలివిగా మౌంట్ చేశాను. లోపల ఫోల్డర్లు నిండుగా కనిపించాయి. హమ్మయ్య అనుకున్నాను, తేదీలు చూడలేదు. డీఎఫ్ మాత్రం రూట్ నిండిందనే అంటోంది, రూట్ మీది ఫైళ్ల సైజులు కూడే డీయూ కొడితే సగం లెక్క కూడా రావట్లేదు. ధాన్యం మీద పట్టా కప్పినట్టు, మౌంట్ కింద ఆ మూడు వారాల కాపీలూ అలాగే ఉన్నాయని నాకు తట్టలేదు. ఫైల్ సిస్టమ్ చెడిందనుకుని, రాత్రి మూడింటికి, టెన్షన్‌లో, అడగడానికి మనిషి లేక, బ్యాకప్ ఉందిగా అన్న ధీమాతో రూట్ ఫార్మాట్ చేసి లైనక్స్ మళ్లీ ఎక్కించేశాను.

తీరా చూస్తే బ్యాకప్‌లో ఆఖరి తేదీ కరెంటు పోయిన రోజుది. ఆ తర్వాతి మూడు వారాల పేజీలూ పోయాయి.

పెళ్లిళ్ల సీజన్, అన్నీ శుభలేఖలు. యజమాని తిట్టలేదు, టీ తెప్పించి "తిన్నావా బాబూ" అని అడిగాడు. ఎనిమిది రాత్రులు ఆపరేటర్ల పక్కన కూర్చుని నేనూ టైప్ చేశాను. ఆ టీ ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మౌంట్ బైండ్‌తో, అంటే ఒక ఫోల్డర్‌ని ఇంకోచోట కూడా చూపించే కమాండ్‌తో, రూట్‌ని స్లాష్ ఎంఎన్‌టీ మీద పెట్టి, అక్కడ డీయూ కొట్టి ఉంటే కింద దాక్కున్నవన్నీ కనిపించేవి. రెండు నిమిషాల పని.

అందుకే నువ్వు మౌంట్ చేసే ముందు ఆ ఫోల్డర్‌లో ఏమైనా ఉందేమో చూడు. ఖాళీగా ఉంటే సీహెచ్‌యాటర్ ప్లస్ ఐ (chattr +i) పెట్టు, ఫోల్డర్‌కి తాళం వేసినట్టే, ఇక డిస్క్ రాని రోజు ఏ స్క్రిప్టూ అందులో రాయలేదు, ఎర్రర్ అని అరుస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నో ఫెయిల్ (nofail) అన్న ఆప్షన్ ఉందేమో కూడా చూసుకో, అదుంటే డిస్క్ లేకపోయినా సర్వర్ చప్పుడు చెయ్యకుండా లేచి కూర్చుంటుంది. యూయూఐడీ సంగతి వేరే చెప్పను, చెబితే నాకే సిగ్గు.

ఆదివారం మధ్యాహ్నం కాసేపు పడుకో. రాత్రి ఎన్నింటికైనా ఫోన్ ఎత్తుతాను. అత్తయ్య పులిహోర కలిపిస్తానంటోంది, మీ ఆఫీసు ఏ గేటు దగ్గరికి తేవాలో మెసేజ్ పెట్టు.

మావయ్య