ఫుల్ ఫ్రేమా, క్రాప్ సెన్సారా: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. అప్పు చేసైనా ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటానని పట్టుబడుతున్నావట, అక్క చెప్పింది. మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్లకు ఫోటోలు తీయాలి, తీరిక దొరికితే పక్షుల వెంట తిరగాలి, ఇదే కదా నీ కోరిక? దానికి ఇప్పుడు చిన్న సెన్సార్ ఉండే క్రాప్ సెన్సార్ కెమెరా చాలు. మిగిలే డబ్బు లెన్సుల మీద పెట్టు.

ఫుల్ ఫ్రేమ్ గొప్పదనాన్ని నేను కాదనను. దాని సెన్సార్, అంటే వెలుతురును ఫోటోగా పట్టే పలక, 36 × 24 మిల్లీమీటర్లు, క్రాప్‌ది సుమారు 23.5 × 15.6. వైశాల్యం రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి వెలుతురు ఎక్కువ పడుతుంది, నాయిస్, అంటే ఫోటోలో గరుకు చుక్కలు, తగ్గుతుంది. తేడా ఒక స్టాప్‌కు కాస్త ఎక్కువ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). రాత్రి ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే వేళ ఆ స్టాప్ పనికొస్తుంది, నిజమే. అయితే ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది; కెమెరాతో వచ్చే, ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే కిట్ లెన్స్ తీసి 35 ఎంఎం ఎఫ్/1.8 పెట్టి చూడు, మూడు స్టాపులకు పైగా వెలుతురు వస్తుంది. అప్పు తెచ్చి బాడీ (లెన్స్ లేని కెమెరా) కొని, దానికి చవక లెన్స్ తగిలించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలోని చీకటి సంగతి ఎత్తుతావని తెలుసు. స్తంభాలు కదలవు కదా! అనుమతి ఉంటే ట్రైపాడ్ పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100లో నిదానంగా తీసుకో.

ఉదయసముద్రం చెరువు గట్టున పక్షులకైతే క్రాపే మేలు. 300 ఎంఎం లెన్స్ 450 ఎంఎం చూపినంత దగ్గరగా చూపిస్తుంది. లెన్స్ ఏమీ పెరగదు, సెన్సార్ దృశ్యం మధ్య భాగాన్నే పట్టుకుంటుంది, అంతే. కానీ అదే దృశ్యం ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే ఎంత బరువైన, ఎంత ఖరీదైన లెన్స్ మోయాలో ఆలోచించు. ఇరుకు గదిలో మంగళస్నానాలు తీసేటప్పుడు మాత్రం ఈ లెక్క ఎదురు తిరుగుతుంది: 24 ఎంఎం కాస్తా 36 అవుతుంది, ఫ్రేములో తక్కువ చోటే పడుతుంది. అందుకని 16 ఎంఎం నుంచి మొదలయ్యే జూమ్ ఒకటి ఉంచుకో.

ఆల్బం గురించి దిగులు వద్దు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో 6000 × 4000 పిక్సెళ్లు. 12 × 18 అంగుళాల పేజీకి అంగుళానికి 300 దాటి వస్తాయి. బాడీలో రెండు కార్డు స్లాట్లు ఉన్నాయో లేదో తప్పకుండా చూడు. పెళ్లి మళ్లీ జరగదు, కార్డు పాడైతే ఎవరికీ సమాధానం చెప్పలేవు.

రేపు ఫుల్ ఫ్రేమ్‌కు మారే ఆలోచన ఉంటే, పెద్ద లెన్సులు మాత్రం దానికి సరిపడేవే కొను. అవి క్రాప్ బాడీ మీదా పనిచేస్తాయి. క్రాప్ లెన్సును 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌కు తగిలిస్తే వాడుకోగలిగేది సుమారు 10 మెగాపిక్సెళ్లే. అంతలో పెద్ద పెళ్లి ఒప్పుకుంటే ఫుల్ ఫ్రేమ్ బాడీ అద్దెకు తెచ్చుకో.

దుకాణానికి వెళ్లేటప్పుడు నీ మెమరీ కార్డు తీసుకెళ్లు. రెండు కెమెరాలతోనూ ఐఎస్‌ఓ 6400 దగ్గర ఒకే మూలను తీసి, ఇంటికొచ్చి ఆల్బం సైజులో ప్రింటు వేయించి చూసుకో. బయానా ఆ తరువాతే ఇవ్వు.

ఇట్లు,
నీ మామయ్య, నల్లగొండ