బండను మోగించి చూడు తల్లీ

తల్లీ,

నువ్వు చేసిన అట్ట నమూనా ఫోటో మీ నాయన చూపించినాడు. ఎర్రగుంట్ల దగ్గర ఆ బడి పిల్లలు బస్సు కోసం ఎండలో నిలబడుతున్నారని, సెలవుల్లో నలుగురు స్నేహితులతో కలిసి నువ్వే అరుగు కట్టి, పైన కడప బండలతో కప్పు వేస్తావంట. ఆర్కిటెక్చర్ చదివే పిల్ల తాపీ పడతానంటే, నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసిన నాకు ఇంకేం కావాల? ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పునాది గట్టి నేల తగిలేదాకా తవ్వించు. సిమెంటు పనికి వారం రోజులన్నా నీళ్లు పట్టు. మిట్టమధ్యాహ్నం పని ఆపెయ్, నల్ల బండ చేతులు కాలుస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా కప్పు గురించే. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం బండ సుమారు 125 కిలోలు తూగుతుంది. మన నాపరాయి, చదువుకున్నోళ్లు నార్జి సున్నపురాయి అంటారే, గనిలో పొరలుగా లేస్తుంది కాబట్టే అంత చదునుగా వస్తుంది. లోపల పొర విడిపోయి ఉంటే కంటికి కనబడదు. మోతలో తెలుస్తుంది.

మీ నాయనకు ఆరేళ్లప్పుడు తాడిపత్రి దారిలో ఒక రైతుకు బండల మిద్దె వేస్తున్నా. మబ్బు కమ్ముకొస్తోంది, ఒక్క బండ మిగిలింది. సుత్తితో తట్టినా. మంచి బండ ఖంగుమంటుంది. అది దబ్బుమంది. నీళ్లు చల్లితే బండంతా ఆరిపోయింది గానీ, మధ్యలో వెంట్రుకంత గీత తడిగా, నల్లగా ఉండిపోయింది. చూసినా. చూసి కూడా, చివరిదే కదా, కింద దూలాల్లా ఉండే దంతెల మీద కూర్చుంటుందిలే అని ఎత్తించినా. సందుల్లో గార నింపడానికి ఒక పిల్లోడు దాని మీద కాలు పెట్టినాడు. కట్టె అయితే విరిగే ముందు కిర్రుమంటుంది. బండ అట్లా చెప్పదు. చప్పుడు వినేసరికే పిల్లోడు కింద ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. మీ జేజి మూడు నెలలు వాళ్లింటికి క్యారియర్ మోసింది. వాడు మళ్లీ మిద్దె ఎక్కలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే "బాగుండావా అన్నా" అని నవ్వుతూ పలకరిస్తాడు, ఏనాడూ ఒక్క మాట అనలేదు. వాడు కుంటుకుంటూ వెనక్కి తిరిగి పోతుంటే నాకు అన్నం సహించదు.

నీ నమూనాలో ముందరి బండ రెండడుగులు బయటికి వచ్చింది. అట్ట వంగుతుంది తల్లీ, బండ విరుగుతుంది. దాని కింద ఇనుప దంతె వెయ్యి, లెక్క మీ సారుతో చూపించుకో. అందం పోతుందని ఎవరన్నా అంటే పోనీ. బండ ఎత్తేటప్పుడు కింద ఒక్క మనిషి ఉండకూడదు. చెప్పులతో మోయడానికి పోయినావో, నేనే బస్సెక్కి వస్తా! చిన్నప్పుడు ఇసుక కుప్ప మీద పుల్లలతో ఇల్లు కట్టి, చెప్పులు విప్పి రమ్మని నన్ను గదమాయించేదానివి, గుర్తుందా?

నా చిన్న సుత్తి మీ నాయనతో పంపిస్తున్నా. పిడి అరిగింది గానీ తల గట్టిది. బండల ట్రాక్టర్ వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. ఒక్కోదాన్ని రెండు కట్టెల మీద పెట్టి, ఫోన్ దగ్గర పట్టుకొని తట్టు. ఎన్ని బండలున్నా సరే, నేను వింటా.

మీ జేజినాయన