సమాధానం: వీధి కుక్కలపై విషప్రయోగం, ఆధారాలు ఎలా?

ఒకే రాత్రి మూడు కుక్కలు నురగ కక్కి చనిపోయాయని, ఆధారం లేనిదే కేసు లేదని పోలీసులు అంటున్నారని రాశారు. చదివి చాలా బాధేసిందండి. దయచేసి వాటిని పాతిపెట్టకండి. కళేబరమే అసలు సాక్ష్యం. చుట్టూ ఐస్ పెట్టి నీడలో ఉంచండి. పక్కన పడున్న అన్నం, మాంసం ముక్కలు, వాంతి ఫొటోలు తీయండి. ఉత్త చేతులతో మాత్రం ముట్టుకోవద్దు, కొన్ని పురుగుమందులు చర్మం గుండా కూడా ఎక్కుతాయి.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 ప్రకారం జంతువుకు విషం పెడితే 5 ఏళ్ల వరకు జైలు. ఆ సెక్షన్ రాసి ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ పశువైద్యుడితో పోస్ట్‌మార్టం అడగండి. కడుపులోని పదార్థం, కాలేయం, మూత్రపిండం ముక్కలను వేర్వేరు సీసాల్లో చిక్కటి ఉప్పునీటిలో సీల్ చేసి పోలీసుల ద్వారానే ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. శరీర భాగాలు కుళ్లకుండా వాడే రసాయనం ఫార్మలిన్‌లో వేస్తే విషపరీక్ష దెబ్బతింటుంది, ఈ మాట డాక్టరుగారికి ముందే గుర్తుచేయండి.